చేపను, గేదెను ఒకే తీరున మోసగించే సూక్ష్మజీవి

పొదుగువాపు అనగానే మనకు గేదె, ఆవు గుర్తుకు వస్తాయి. కాని ఆ వ్యాధిని కలిగించే సూక్ష్మజీవులలో ఒకటి చెరువులోని తిలాపియా చేపను కూడా చంపుతుంది. దాని పేరు స్ట్రెప్టోకాకస్ అగలాక్షియే. పాలు లేకపోవడమని అర్థమిచ్చే గ్రీకు మాట నుండి ఆ పేరు వచ్చింది.

చేప శరీరంలోనూ కాపలా ఉంది. రక్తంలోని కొన్ని మాంసకృత్తులు పరాయి సూక్ష్మజీవికి అంటుకొని ఆనవాలు పెడతాయి. తెల్ల రక్తకణాలు ఆ ఆనవాలు పట్టి దానిని మింగివేస్తాయి.

మోసం జరిగేది ఇక్కడే. ఈ సూక్ష్మజీవి తన చుట్టూ చక్కెరలతో ఒక తొడుగు కట్టుకొంటుంది. ఆ తొడుగు కొసలలో సియాలిక్ ఆమ్లం ఉంటుంది. చేప కణాల మీద, పశువు కణాల మీద, మన కణాల మీద ఉండేదీ అదే. దొంగ ఇంటివారి బట్టలు కట్టుకొని పెరట్లో తిరిగినట్లే! కాపలా కణాలు తమదే అనుకొని విడిచిపెడతాయి. ఒకవేళ మింగినా, కొన్ని సూక్ష్మజీవులు ఆ కణం లోపలే చావక బతుకుతాయి. మెదడుకు చేరిన తరువాత చేప కళ్ళు ఉబ్బి, గిరగిర తిరిగి చనిపోతుంది. నీరు వేడెక్కిన రోజులలో, చేపలు కిక్కిరిసిన చెరువులలో ఈ నష్టం ఎక్కువ.

చేపలకు సోకే తెగలు, పశువులకు సోకే తెగలు చాలావరకు వేరు. కాని మాటువేసే గుణం ఒకటే. పొదుగులో చేరిన సూక్ష్మజీవి పైకి వాపు లేకుండానే నెలల తరబడి ఉండగలదు. పాలు చూపుకు బాగానే ఉంటాయి. దిగుబడి మాత్రం తగ్గుతుంది. ఇంతలో పితికేవారి చేతుల ద్వారా, పొదుగు తుడిచే గుడ్డ ద్వారా పక్క పశువుకు పాకుతుంది.

శరీరం పోల్చుకోలేని దొంగను మనమే పోల్చుకోవాలి.

1. మొదటి ధారలను నల్లని పళ్ళెంలో పితికి, పలుకులు ఉన్నవేమో చూడండి.
2. పైకి కనిపించని పొదుగువాపుకు పశువైద్యుని చేత కాలిఫోర్నియా పరీక్ష చేయించండి.
3. ప్రతి పశువుకు ముందు చేతులు సబ్బుతో కడుక్కోండి. వ్యాధి ఉన్న పశువును చివర పితకండి. పితికిన వెంటనే చనుమొనలను అయోడిన్ మందులో ముంచండి.
4. ఈ సూక్ష్మజీవి సాధారణంగా పెన్సిలిన్‌కు బాగా లొంగుతుంది. అయినా డాక్టరు చెప్పినన్ని రోజులు మందు వాడాలి. మందు గడువు తీరేవరకు ఆ పాలను సంఘానికి పోయరాదు.

వచ్చే సమావేశంలో మీ సంఘంలోని ఎన్ని పాడి పశువులకు ఈ పరీక్ష జరిగిందో లెక్క చూసుకోండి.