పాత యింటి మరమ్మతు: ముందు లెక్క, పిమ్మట పని

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని పెద్దలనిరి. పాత యిల్లు బాగుచేసి చూడుమని వారనలేదు గాని, అందును అంతటి చిక్కు గలదు. క్రొత్త యింటికి కొలతలుండును. వానినిబట్టి ఖర్చు తెలియును. పాత యింటనో, పెంకు దింపినగాని వాసముల స్థితి తెలియదు. వాసములు తీసినగాని దూలపు కొన గోడలోపల చెదలు పట్టినదో లేదో తెలియదు.

పినపాక ప్రాంతపు పల్లెలలో అన్నదమ్ములు వేరుపడినప్పుడు ఒకరి వంతునకు తాతలనాటి పెంకుటిల్లు వచ్చుట కలదు. మట్టిగోడలు, పొగచూరిన వంటయిల్లు, వెలుతురు లేని గది. ఆ దంపతులకు అదియే మొదటి స్వంత యిల్లు. పత్తి సొమ్ము చేతికి రాగానే దానిని ముచ్చటగా తీర్చుకొనవలెనని తోచుట సహజమే. ఆ పనికి సొమ్ము ఎచ్చటినుండి తీయవలయును, ఏ వరుసను వెచ్చింపవలయును అనునవి ఈ పాఠమున చెప్పెదము.

పంటఋణమును ఇంటిపై పెట్టరాదు. మూడు లక్షల రూపాయలలోపు స్వల్పకాలిక పంటఋణమునకు సాలుకు నూటికి 7 రూపాయల వడ్డీ. గడువులోపల చెల్లించినవారికి కేంద్ర ప్రభుత్వము 3 రూపాయలు తగ్గించును. అనగా లక్షకు 4,000 రూపాయలు మాత్రమే. ఆ లక్ష గోడలలో కలిసిపోయినచో విత్తనములకును ఎరువులకును మరల అప్పు చేయక తప్పదు. నూటికి నెలకు 2 రూపాయల వడ్డీకి తెచ్చిన లక్షపై సాలుకు 24,000 రూపాయలగును. ఈ 20,000 తేడాను రంగు వేసిన గోడ ఏనాటికిని తీర్పజాలదు. 2012లో సవరించిన కిసాన్ క్రెడిట్ కార్డు పద్ధతిలో పంటఖర్చుపై నూటికి 10 వంతులు ఇంటి అవసరములు మొదలగువానికి, 20 వంతులు సేద్యపు ఆస్తుల మరమ్మతునకు చేర్చిరి. పడకగది సేద్యపు ఆస్తి కాదు గదా!

2024 మార్చి 11న భద్రాచలమున ప్రారంభమైన ఇందిరమ్మ ఇండ్ల పథకము స్వంత స్థలమున క్రొత్త యిల్లు కట్టుకొనువారికి 5 లక్షల సాయము. పాతగదుల మరమ్మతు లెక్కలో ఆ సొమ్మును చేర్చుకొనరాదు. అయితే అందొక మంచి పద్ధతి గలదు: పని జరిగిన కొలది విడతలుగా సొమ్మిచ్చుట. మేస్త్రికిని మనము అట్లే ఇయ్యవలయును.

ఒక రైతు పంట అమ్మి, ఋణము తీర్చి, రాబోవు సేద్యపు ఖర్చు తీసివేయగా 1,50,000 రూపాయలు మిగిలెననుకొందము. అందు 25,000 మొదటనే విడిగా పెట్టవలయును. ఇది పైకప్పు విప్పినప్పుడు బయటపడు లోపముల కొఱకు; అద్దముల బీరువా కొఱకు కాదు. మిగిలిన 1,25,000లో కప్పునకు 55,000, వంటయింటికి 35,000, గోడలకు 20,000, ఒక గది నేలకు 15,000. ఇవి మచ్చుకు చెప్పిన అంకెలు; ఇంటినిబట్టి మారును. వరుస మాత్రము మారరాదు. కప్పు కారుచుండగా నేల పరచినవారు, గోడకు రంగు వేసినవారు రెండుమారులు ఖర్చు పెట్టుకొందురు.

కప్పు పని మృగశిర కార్తె ప్రవేశించులోపల ముగియవలయును. దింపిన పెంకులను లెక్కించి, పగులనివానిని వేరుగా పేర్చుడు. కొన చెడిన పొడుగు దూలమును కోసి ఇరుకైన వంటయింటికి వాడవచ్చును. క్రొత్త కలప కొన్నచో రసీదు పుచ్చుకొని దాచుడు. అడవి ప్రక్కన నుండు మనకు ఈ జాగ్రత్త అవసరము.

మట్టిగోడకు సిమెంటు పూత వేయుట పలువురు చేయు తప్పు. నేలనుండి ఎక్కిన చెమ్మ బయటికి పోలేక లోపలనే నిలిచి, పూత పెచ్చులుగా ఊడును. సున్నపు పూత చెమ్మను పోనిచ్చును. అంతకు ముందు చూరునీరు గోడమొదట నిలువకుండ చిన్న కాలువ తీయుడు. దీనికి ఒక దినపు కూలి చాలును.

వంటయింట పొగ పోవు కంత, కిటికీ, గట్టు ఎక్కడ నుండవలయునో వండు ఇల్లాలిని అడిగి నిర్ణయింపవలయును. మేస్త్రి అక్కడ వండడు.

నేల లెక్క చూతము. 10 అడుగుల వెడల్పు, 12 అడుగుల పొడవు గల గది 120 చదరపు అడుగులు. విరుగుటకును కోతకును పదవవంతు చేర్చగా 132. తాండూరు బండ, సిమెంటు, ఇసుక, కూలి కలిసి అడుగుకు 110 రూపాయలైనచో 14,520. ధర 125 అయినచో 16,500. ఆ తక్కువైన 1,500 రంగులో తగ్గించుకొనవలయును గాని, విడిగా పెట్టిన 25,000 ముట్టరాదు.

గోదావరి యొడ్డు పల్లెలవారు ఇంకొకటి ఆలోచింపవలయును. భద్రాచలమున మూడవ ప్రమాద హెచ్చరిక 53 అడుగులు. 2022 జులై 16న నది 71.3 అడుగులకు చేరెను. ఆ యేడు ఇంట నీరు ప్రవేశించినవారు బండలకు ముందు అరుగెత్తు పెంచుటకు సొమ్ము కేటాయింపవలయును. నేల ఎత్తు పెరిగినచో ద్వారబంధము కూడ లేపవలసివచ్చును. ఆ ఖర్చు మరువకుడు.

పనివారితో మాట: కొలువదగిన నేల, పూత గుత్తకీయుడు; విప్పుట, చెదలు వెదకుట దినకూలికి చేయింపుడు. విప్పుపని గుత్తకిచ్చినచో తొందరలో మంచి పెంకులు కూడ పగులును. బయానా నాలుగవ వంతునకు మించనీయక, ఇచ్చిన ప్రతి రూపాయిని నాడే పుస్తకమున వ్రాసి మేస్త్రి సంతకము తీసికొనుడు. కప్పు ముగిసినపిమ్మట ఆ 25,000లో మిగిలినది సంఘములోని పొదుపు ఖాతాలో వేసినచో, తొలకరికి విత్తనముల వేళ చేతికందును.