తక్కువ ఖర్చుతో, తర్వాత పెంచుకోగలిగేలా బడి కట్టడం ఎలా?

ఉష్ణ ప్రాంతాల బడికి అసలు పరీక్ష పైకప్పు దగ్గరే. రేకులు చవకే గానీ, మధ్యాహ్నమయ్యేసరికి వాటి కింద పిల్లలు కూర్చోలేరు. బుర్కినా ఫాసోలోని గాండో గ్రామంలో ఈ చిక్కును చక్కగా విప్పారు. ఆ ఊళ్లోనే పుట్టిన ఆర్కిటెక్ట్ ఫ్రాన్సిస్ కెరే రూపకల్పన చేసిన ప్రాథమిక పాఠశాల 2001లో పూర్తయింది. గదుల మీద మట్టి ఇటుకల లోకప్పు పరిచి, దానికి ఎడంగా, ఇనుప చువ్వలు వెల్డింగ్ చేసిన ట్రస్సుల మీద రేకులు ఎత్తారు. రేకు ఎంత కాలినా ఆ వేడిని మధ్య ఖాళీలో వీచే గాలి తీసుకుపోతుంది. గోడలు దాటి ముందుకొచ్చిన చూరు ఎండనూ వాననూ ఆపుతుంది. మట్టి గోడకు అంతకు మించిన రక్షణ లేదు.

ఇటుకలు స్థానిక మట్టిలో కొద్దిగా సిమెంటు కలిపి, యంత్రంతో నొక్కి చేసినవి. కాల్చే పని లేదు కనుక వంటచెరకు ఖర్చూ లేదు. ఊరివాళ్లే పని నేర్చుకుని కట్టారు. రేపు మరమ్మతు వచ్చినా వాళ్లే చేసుకోగలరు. డబ్బు ఆదా కంటే ఇదే పెద్ద లాభం.

మూడు గదులనూ ఒకే వరుసలో, మధ్య మధ్య నీడ ఉన్న ఖాళీ జాగాతో పెట్టారు. పిల్లల సంఖ్య పెరిగాక విడిగా మరో భవనం చేర్చారు. ఇలా పెంచాలంటే స్థలం, నీరు బయటకు పోయే దారి మొదటి ప్లాన్‌లోనే వదలాలి.

ఆంధ్ర తీరంలో ఈ పద్ధతి పాటిస్తే ఒక జాగ్రత్త తప్పనిసరి. ఎత్తిన రేకులను తుపాను గాలి లేపేస్తుంది. కాబట్టి ట్రస్సులను గోడల మీది కాంక్రీటు బెల్టుకు, బెల్టును పునాదికి ఉక్కు చువ్వలతో బిగించాలి.