లైసెన్సు ఉంటే చాలా?

నేను బీకాం చదివి, బ్యాంకులో గుమాస్తాగా పనిచేసి రిటైరైనవాణ్ణి. కాగితాలు చదవడమే నా ఉద్యోగం. అయినా సొంత ఇంటి విషయంలో పొరబడ్డాను. మీరు పొరబడకూడదని ఈ పాఠం.

విరుదునగర్‌లో ఇచ్చిన మా అమ్మాయి తొలి కాన్పుకు కోవిల్‌పట్టిలోని పుట్టింటికి వచ్చింది. దగ్గరలోని చిన్న ప్రసూతి ఆసుపత్రిలో చేర్పించాము. గోడమీద రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్టు, దాని గడువు కూడా చూశాను. ఆపరేషన్ చేశారు. తల్లీబిడ్డా క్షేమం. అల్లుడుగారి ఆఫీసు గ్రూపు పాలసీలో కాన్పు ఖర్చు ఉంది. కాని ఆసుపత్రిలో ఆరు మంచాలే ఉన్నాయని క్లెయిము తిప్పి పంపారు. మా చిన్నవాడి కాలేజీ ఫీజుకు వేసిన డిపాజిట్టును గడువుకు ముందే తీయవలసి వచ్చింది.

ఇందులో మూడు విషయాలు తెలుసుకోవాలి.

1. ప్రభుత్వ లైసెన్సు: తమిళనాడులో ఇందుకు 1997లో చట్టం చేశారు, నియమాలు 2018లో వచ్చాయి. సర్టిఫికెట్టు గడువు అయిదేళ్లు. ఇది ఆసుపత్రి నడపడానికి అనుమతి మాత్రమే.

2. బీమావారి నిర్వచనం: 2010 కేంద్ర చట్టం కింద గాని, అందులో పేర్కొన్న చట్టాల కింద గాని ఆసుపత్రి నమోదై ఉండాలి. లేదా 10 లక్షల లోపు జనాభా ఉన్న ఊళ్లో కనీసం 10 మంచాలు, సొంత ఆపరేషన్ థియేటరు, రాత్రింబగళ్లు డాక్టరు, నర్సులు, రోజువారీ రోగుల రికార్డులు ఉండాలి. మన రెండు ఊళ్లూ 10 లక్షల లోపువే.

3. కాన్పు ఖర్చు: సొంతంగా తీసుకునే చాలా పాలసీల్లో ఇది ఉండదు. ఉన్నా కొంతకాలం ఆగాలి, పరిమితి కూడా ఉంటుంది. కనుక పెళ్లయిన వెంటనే చూసుకోవాలి. ఈఎస్ఐ ఉన్న ఉద్యోగినులకు దారి వేరు. చందా రోజులు సరిపోతే మొదటి రెండు కాన్పులకు 26 వారాల ప్రసూతి భృతి వస్తుంది.

ఏడో నెలకు ముందే ఆసుపత్రి పేరు, మంచాల సంఖ్య రాసి, క్లెయిము చెల్లుతుందా అని బీమావారిని అడిగి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. నోటిమాట చాలదు. అయితే ప్రాణం మీదికి వస్తే మాత్రం పాలసీ చూస్తూ కూర్చోవద్దు. ముందు తగిన ఆసుపత్రికి చేర్చండి.

కామర్స్ పిల్లలకు ఒక మాట. ఒప్పందంలో ‘ఆసుపత్రి’ అంటే మనం అనుకునేది కాదు, నిర్వచనాల పేజీలో రాసినదే. ఈ ఆదివారం ఇంట్లోని పాలసీ తీసి, ఆ పేజీని అమ్మానాన్నలకు చదివి వినిపించండి. మీ ఫీజు డబ్బు మీ ఫీజుకే మిగులుతుంది.