కుక్క ఎవరి అధీనంలో ఉంటే బాధ్యత వారిదే

పెంపుడు కుక్క మనిషిని కరిస్తే ముందుగా వర్తించేది భారతీయ న్యాయ సంహిత 291వ సెక్షన్. కుక్క వల్ల ప్రాణానికో, తీవ్ర గాయానికో ముప్పు ఉంటుందని తెలిసి గానీ, నిర్లక్ష్యంతో గానీ తగిన జాగ్రత్త తీసుకోకపోతే ఆరు నెలల వరకు జైలు, 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ పడవచ్చు. 2024 జూలై 1కి ముందు ఐపీసీ 289 కింద ఇదే తప్పుకు జరిమానా వెయ్యి రూపాయలు దాటేది కాదు. నిర్లక్ష్యం ప్రాణం తీసిందని రుజువైతే 106వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు శిక్ష ఉంటుంది. 2023 జనవరిలో బంజారాహిల్స్‌లో పార్సిల్ ఇవ్వబోయిన యువకుడు జర్మన్ షెపర్డ్ మీదికి రావడంతో మూడో అంతస్తు నుంచి దూకి చనిపోయాడు. కుక్క యజమానిపై కేసు నమోదైంది.

291 కింద బాధ్యత కుక్కను కొన్నవారికే పరిమితం కాదు, అది ఎవరి అధీనంలో ఉందో వారిది. జగిత్యాల, కోరుట్ల, సిరిసిల్లల్లో ఇది గట్టిగా గుర్తుంచుకోవాల్సిన సంగతి. కొన్న మనిషి దుబాయ్‌లో ఉంటాడు, కుక్కను చూసుకునేది తమ్ముడో, మామో, కాపలాదారో. "కుక్క మా అన్నది" అన్నంత మాత్రాన తప్పించుకోలేరు.

సిరిసిల్లలో సాంచాల మీద రాత్రి పాళీ ముగించి ఇరుకు గల్లీలో ఇంటికి నడిచే కార్మికుడి ముందు ఒక గేటు సగం తెరిచి ఉందనుకుందాం. అక్కడ ప్రశ్న కుక్క జాతి గురించి కాదు, గేటు గురించి. అది ఇంతకుముందు ఎవరినైనా కరిచిందా, పక్కింటివారు చెప్పినా పట్టించుకోలేదా అన్నవి ముఖ్యమవుతాయి. 'కుక్క ఉంది జాగ్రత్త' బోర్డు కూడా దాని స్వభావం ఇంటివారికి ముందే తెలుసని వాదించడానికి పనికొస్తుంది.

జాగ్రత్త అంటే రోజంతా గొలుసుతో కట్టేయడం కాదు. అలా కట్టేసిన కుక్క మరింత కరుస్తుంది. పైగా తిప్పకుండా ఎప్పుడూ కట్టి ఉంచడం 1960 నాటి జంతుహింస నివారణ చట్టం కింద నేరం. మొదటి తప్పుకు జరిమానా 50 రూపాయలు మించదు, అది వేరే సంగతి. కుక్క కరవడానికి భయం, నొప్పి, తిండి దగ్గర కాపలా, పిల్లల తల్లి కావడం లాంటి కారణాలుంటాయి. అందుకే హఠాత్తుగా కోపం పెరిగితే మొదట పశువైద్యుడికి చూపించాలి. గుర్రుమన్నప్పుడు కొడితే అది గుర్రుమనడం మానేసి నేరుగా కరవడం నేర్చుకుంటుంది. బయటికి తీసుకెళ్లేటప్పుడు పొట్టి పట్టా వాడాలి, మూతి చిక్కాన్ని తిండి ఆశ చూపి మెల్లగా అలవాటు చేయాలి. టీకాలు వేయించడం, కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయించడం 2023 నాటి జంతు జనన నియంత్రణ నిబంధనల ప్రకారం పెంచేవారి పనే. భయంతో కరిచే కుక్కకు ఆపరేషన్ ఒక్కటే మందు కాదు.

కరిచిన కుక్కను రాత్రికి రాత్రి కొండగట్టు దారిలో వదిలేసి రావడం కూడా నేరమే. బాధితులు కోపంతో విషం పెట్టి చంపితే న్యాయ సంహిత 325వ సెక్షన్ కింద ఐదేళ్ల వరకు శిక్ష పడవచ్చు.

కాటు పడ్డవారు గాయాన్ని పారే నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడిగి, సున్నం, పసరు పూయకుండా ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లాలి. ఓపీ చీటీ, గాయం ఫొటోలు భద్రపరచాలి. కుక్కను 10 రోజులు కనిపెట్టి ఉండమని పెంచేవారిని అడగాలి. 291 కింద కోర్టు అనుమతి లేకుండానే పోలీసులు ఎఫ్‌ఐఆర్ నమోదు చేయవచ్చు, దాని నకలు ఉచితం. వైద్య ఖర్చులు, పరిహారం కోసం సివిల్ దావా వేరుగా వేయాలి. మహిళలు, పిల్లలు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో పనిలేకుండా న్యాయసేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. దాని హెల్ప్‌లైన్ నంబరు 15100.