రెండు బారల మోకు నేర్పిన పాఠాలు

అంతర్వేది రేవునుంచి నలభై ఏళ్లు వేటకెళ్లాను. ఇప్పుడు గట్టున కూర్చుని వల అల్లుతుంటే కుర్రాళ్లు వచ్చి, "తాతా, బోటు మీంచి నీళ్లలో పడకుండా కట్టుకోడానికి ఏ బెల్టు, ఏ తాడు కొనమంటావు?" అని అడుగుతున్నారు. నాకు తెలిసింది చెబుతాను.

1. తాడు పొట్టిగా ఉండాలి. ఓ రాత్రి బోటు వెనక అమరం దగ్గర ఒంటేలుకి నిలబడి కాలు జారాను. నడుముకి రెండు బారల మోకుంది. ఇంజను చప్పుడులో నా కేక ఎవరికీ వినపడలేదు. వాళ్లు చూసేదాకా ఉప్పునీళ్లు మింగుతూ బోటు వెనకాల ఈడ్చుకుపోయాను. మోకు లేకుంటే పోయేవాణ్ణే. అది పొట్టిదైతే మాత్రం అసలు పడేవాణ్ణే కాదు. రెండు మీటర్లు మించిన తాడు కొనకండి.

2. రెండు కొసల తాడు తీసుకోండి, ఒకటి మీటరు, రెండోది రెండు మీటర్లు. కొబ్బరి దింపుకెక్కేవాడు ఒక కాలు కుదిరాకే రెండోది కదుపుతాడు. మీరూ ఒక కొసనున్న హుక్కు తగిలించాకే రెండోది విప్పండి.

3. నడుముకి ఒట్టి తాడు చుట్టుకోవద్దు. లాగితే పక్కటెముకలు నలుగుతాయి, ఒళ్లు జారితే చంకల్లోంచి ఊడిపోతుంది. భుజాల మీదుగా వచ్చి, తొడల మధ్య పట్టీ ఉన్న హార్నెస్ కావాలి. డెక్కు పనికి చేసినవాటి ప్రమాణం ఐఎస్ఓ 12401. కొనేటప్పుడు ఆ అంకె చూడండి.

4. హుక్కు రెండు చోట్ల నొక్కితేగానీ తెరుచుకోకూడదు. తిన్నగా లాగితే పెద్ద బరువునైనా ఆపే హుక్కు, పక్కవాటున లాగితే వంగిపోవచ్చు. 2017 నవంబరులో ప్రపంచం చుట్టివచ్చే క్లిప్పర్ పందెంలో ఒకాయన హుక్కు డెక్కు మీద తాళ్లు చుట్టే గూటం కింద ఇరుక్కుని, అలాగే వంగి వదిలేసింది. ఆయన ప్రాణం దక్కలేదు.

5. హుక్కు తగిలించుకోడానికి ముందున్న అణియం నుంచి అమరం దాకా పరిచే తాడు నవారులా చదునుగా ఉండాలి. ఇనుప తీగైతే కాలికింద దొర్లుతుంది. నైలాను తడిస్తే సాగుతుంది, పాలియెస్టర్ మేలు. అంచున కాకుండా డెక్కు నడిమధ్యన బిగించండి.

6. ఇదంతా డెక్కున్న బోటుకే. చిన్న ఫైబరు పడవ మొగలో కెరటానికి తిరగబడితే, కట్టుకున్నవాడు దానికిందే ఉండిపోతాడు. అక్కడ లైఫ్ జాకెట్ వేసుకోండి, తాడు వద్దు.

7. తాడు కట్టుకుంటే పిరికివాడంటారని సిగ్గుపడకండి. మన విశాఖ అమ్మాయి స్వాతి, హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య, మరో నలుగురు నేవీ ఆడపిల్లలతో కలిసి తారిణి తెరచాప పడవ మీద 2017 సెప్టెంబరులో గోవాలో బయలుదేరి, ప్రపంచం చుట్టి 2018 మేలో తిరిగొచ్చారు. అలాంటి పడవల్లో గాలి రేగితే తాడు తగిలించుకోకుండా డెక్కెక్కరు.

8. ఎండ, ఉప్పు తాటిని తినేస్తాయి. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట ఆగే 61 రోజుల్లో మంచినీళ్లతో కడిగి, నీడన ఆరబెట్టి, కుట్లు వేలితో తడిమి చూడండి. ఒక్కసారి మనిషి బరువు గట్టిగా పడిన తాటిని కోసి పారేయండి, మళ్లీ ఎవరూ వాడకుండా.

నా మోకునీ అలాగే కోసేశాను.