పోర్చుగల్: చారిత్రక కట్టడాలు, సాంస్కృతిక వేదికలు

- లిస్బన్: జెరోనిమోస్ మఠం, బెలెమ్ టవర్ 1983లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరాయి. 1524లో కొచ్చిలో మరణించిన వాస్కోడగామా సమాధి ఈ మఠంలోనే ఉంది. ఐరోపా సమాఖ్య లిస్బన్ ఒప్పందంపై 2007లో సంతకాలు జరిగిందీ ఇక్కడే.
- బతాల్యా: 1385 నాటి అల్జుబరోటా యుద్ధ విజయానికి గుర్తుగా కట్టిన మఠం.
- కోయింబ్రా: 1290లో లిస్బన్‌లో మొదలై, 1537లో ఇక్కడ స్థిరపడిన విశ్వవిద్యాలయం. దీని జోవానినా గ్రంథాలయంలో పుస్తకాలను పాడుచేసే పురుగులను గబ్బిలాలు తినేస్తాయి. యునెస్కో గుర్తింపు: 2013.
- ఎవోరా: రోమన్ ఆలయం, గోడలను మనుషుల ఎముకలతో కప్పిన ప్రార్థనా మందిరం.
- సింత్రా: రెండో ఫెర్డినాండ్ కట్టించిన పెనా ప్యాలెస్.
- పోర్టో: కాసా ద మ్యూజికా సంగీత మందిరం. ప్రారంభం: 2005. ఆర్కిటెక్ట్: రెమ్ కూల్హాస్ (నెదర్లాండ్స్).