పాఠం చెప్పేవాళ్ళకూ పాఠం కావాలి

మేనకోడలికి,

కాలేజీలో గెస్ట్ లెక్చరర్‌గా చేరావనీ, సాయంత్రాలు ఇంటికి కూడా పిల్లలు బాగానే వస్తున్నారనీ మీ నాన్న చెప్పాడు. చాలా సంతోషమమ్మా. సంగీతంలో డిప్లొమా అయిపోయింది, ఇకమీదట సాధన చేస్తే కచేరీల కోసమే అన్నావట. ఆ మాట మాత్రం నాకు నచ్చలేదు.

పాడటం నీకు గురువులు నేర్పారు. పాఠం చెప్పడం ఎవరూ నేర్పలేదు. బడిలో లెక్కలు చెప్పాలంటే బీఈడీ చదవాలి. ఇంట్లో సంగీతం చెప్పేవాళ్ళని మాత్రం ఎవరూ ఏమీ అడగరు. మన గురువులు ఎలా చెప్పారో అలాగే చెప్పుకుపోతాం. మద్రాసు మ్యూజిక్ అకాడమీ 1931లోనే సంగీతం టీచర్ల కోసం విడిగా కాలేజీ పెట్టి, టైగర్ వరదాచారిగారిలాంటి మహా విద్వాంసుణ్ణి ప్రిన్సిపాల్‌గా తెచ్చుకుంది. పాఠం చెప్పే విద్యను విడిగా నేర్చుకోవాలని ఆ రోజుల్లోనే పెద్దలు గుర్తించారన్నమాట.

ముందు ఒక పని చెయ్యి. జంట స్వరాల పాఠం ఒకటి ఫోన్‌లో రికార్డు చేసుకుని, రాత్రి తీరిగ్గా విను. జంటలో రెండో స్వరం మీద ఒత్తు పడాలి కదా, ఆ ఒత్తు పిల్ల ఇస్తోందా, నువ్వే ఇస్తున్నావా? చాలామంది టీచర్లు పిల్లలతోపాటు చివరిదాకా పాడేస్తుంటారు. ఆ గొంతు చాటున పిల్ల గొంతు వినపడదు. మాయామాళవగౌళలో శుద్ధ రిషభం కాస్త పైకి పోయినా తెలియదు. ఆ రిషభం అక్కడే స్థిరపడిపోయిందంటే, రేపు ఆ పిల్ల సావేరి పాడినా గౌళ పాడినా అదే తప్పు వెంట వస్తుంది. నువ్వు ఒకసారి పాడి చూపించు. తరవాత తాళం మాత్రం వేస్తూ ఊరుకో. ఆ ఊరుకోవడం చాలా కష్టం, అలవాటు చేసుకోవాలి.

గొంతు మారే వయసు మగపిల్లల్ని ‘ఇక లాభం లేదు’ అని పంపించెయ్యకు. శ్రుతి తగ్గించు, పై స్థాయి జోలికి పోకుండా మధ్య స్థాయిలో పాడించు, గొంతు అలిసిన రోజు తాళాల లెక్క చెప్పు. నీ శ్రుతి వాళ్ళకి పనికిరాదు. వాళ్ళ శ్రుతిలో పాడి చూపించడం నువ్వే సాధన చెయ్యాలి. కచేరీకి పనికొచ్చే సాధన కాదిది, పాఠానికి కావలసింది.

అమెరికా పిల్లలకు జూమ్‌లో చెబుతున్నావు కదా. అందులో ఒరిజినల్ సౌండ్ అనే అమరిక ఉంటుంది, అది పెట్టించు. లేకపోతే తంబురా నాదాన్ని రొద అనుకుని జూమే తీసేస్తుంది, పిల్ల శ్రుతి లేకుండా పాడుతుంది. మాట చేరడానికి కొంత ఆలస్యం ఉంటుంది కాబట్టి ఇద్దరూ కలిసి తాళం వెయ్యడం కుదరదు. ఒక ఆవర్తం నువ్వు, ఒక ఆవర్తం తను, అలా నడిపించు.

ఇంటి దగ్గర చెప్పేవాళ్ళకి పెద్ద కష్టం ఒంటరితనం. తప్పయినా ఒప్పయినా చెప్పేవాళ్ళుండరు. మీ ఊళ్ళో నలుగురు టీచర్లను కూడగట్టు. ఒకరి పాఠానికి ఇంకొకరు వెళ్ళి వెనకాల కూర్చుని చూడండి. శిష్యుల్ని లాక్కుపోతారన్న భయం పెట్టుకోకండి. కొన్నాళ్ళు మృదంగం క్లాసులో కూడా కూర్చో, లయ గురించి నీ మాటే మారిపోతుంది.

కాలేజీ వైపు చూస్తే, యూజీసీ నెట్‌లో సంగీతం కూడా ఉంది, ఆ పరీక్ష రాయి. రిఫ్రెషర్ కోర్సులకు పంపమని ప్రిన్సిపాల్‌ను అడుగు, గెస్ట్ లెక్చరర్‌నని వెనక్కి తగ్గకు. ప్రమోషన్‌కి సర్టిఫికెట్ కోసమే వచ్చేవాళ్ళు అక్కడ ఉంటారు, వాళ్ళతో నీకు పనిలేదు.

నువ్వు చదవాల్సిన పుస్తకం కూడా ఒకటుంది. సుబ్బరామ దీక్షితులుగారి సంగీత సంప్రదాయ ప్రదర్శిని 1904లో ఎట్టయపురంలో అచ్చయింది, అదీ తెలుగులో. తమిళులకు అనువాదం కావలసి వచ్చింది. మనం నేరుగా చదువుకోవచ్చు. గమకాలకు ఆయన పెట్టిన గుర్తులు చూసుకుంటూ ఒక్కో రాగం పాడుకో. పిల్లలు ‘ఇక్కడ ఎందుకు ఊపాలి?’ అని అడిగితే, ‘మా గురువుగారు అలా పాడారు’ అనే జవాబు ఒక్కటే ఉంటే సరిపోదు.

చివరగా డబ్బు మాట. ఫీజుల్లో కొంత నీ చదువుకని విడిగా తీసిపెట్టు. డిసెంబరులో మద్రాసు వెళ్ళు. సాయంత్రం కచేరీలకే కాదు, అకాడమీలో పొద్దుటి పూట జరిగే ప్రసంగాలకు తప్పకుండా వెళ్ళు. ముఖ్యంగా, నీకంటే పెద్ద విద్వాంసుల దగ్గర మళ్ళీ శిష్యురాలిగా చేరు. నెలకు రెండు పాఠాలైనా చాలు. ఎవరి దగ్గర చేరాలో తేల్చుకోలేకపోతే నాకు ఫోన్ చెయ్యి, నేను మాట్లాడి పెడతాను.

ఆశీస్సులతో,
నీ అత్తయ్య